బాడీ వచ్చిన వైనం

బంగారుపాళ్యం చుట్టుపక్కల తోతాపురి మామిడిని బెంగుళూరా అంటారు. ఆ బెంగుళూరా చెట్లు కొట్టేసి, బెంగుళూరు వైపు వైన్ కంపెనీ కోసం ద్రాక్ష పెట్టాడని మునిచంద్రతో అతని నాయన మునెయ్య మూడేళ్ళుగా మాట్లాడటం లేదు. తొలి కాపు మార్చిలో కోసి కంపెనీకి పంపారు. ఆ పండుతో చేసిన ఎర్ర వైన్ నిలబడితే తోట నిలబడుతుంది, లేదంటే తీగలు పీకి పొయ్యిలో పెట్టుకోవాలి. ఆ కబురు కోసం చెవులు రిక్కించుకుని ఉండగానే మునెయ్యకు తిరుపతి ఆస్పత్రిలో కంటి ఆపరేషన్ అయింది. ఆ రోజు, కొడుకు కొని తెచ్చిన ఇడ్లీని కోడలు కోమలి చేత్తో ఇస్తే తప్ప ముట్టని ఆ పెద్దమనిషిని ఆమెకే అప్పగించి, మునిచంద్ర ఊరికి బస్సెక్కాడు. రేపు ఇంటికి పంపిస్తామని డాక్టరు చెప్పాడు. పొద్దున బయల్దేరే తొందరలో ఫోన్ ఇంట్లోనే చార్జింగుకు పెట్టి మరచిపోయాడని చంద్రగిరి దాటాక గుర్తొచ్చింది. గుర్తొచ్చి మాత్రం ఏం చేస్తాడు, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

నిద్ర రాలేదు. అలసట మరీ ఎక్కువైతే నిద్ర కూడా దగ్గరికి రావడానికి జంకుతుంది. మూడేళ్ళుగా అతను ఒకే ఇంట్లో రెండు షుగర్లు చూసుకుంటున్నాడు. నాయనకు పెరిగితే దిగులు, ద్రాక్షకు తగ్గితే దిగులు. ఒకరికి మాత్రలు, ఇంకొకరికి మందులు. ఇద్దరిలో ఎవరూ తిరిగి ఒక్క మాట మాట్లాడరు. ఊళ్ళో ఎవరు ఎదురుపడినా "ఏం మునిచంద్రా, యాడికి, బెంగుళూరా?" అని అడిగి పళ్ళు బయటపెడతారు. మొదట్లో నవ్వేవాడు. తర్వాత తల ఊపేవాడు. ఇప్పుడు అదీ లేదు.

బంగారుపాళ్యం దాటుతుంటే రోడ్డు పక్కన గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి లారీలు ఇంకా బారులు తీరే ఉన్నాయి. జూలై సగం దాటి ఆడి నెల వచ్చినా కాయ అమ్మకం తెగలేదు. ఎండకు మగ్గిన కాయల పులుపు వాసన బస్సులోకి కొట్టింది. లోపల కాయ గుజ్జవుతోంది, బయట లారీ కింద పడుకున్న రైతు గుజ్జవుతున్నాడు. నాయన చెట్లు ఉండి ఉంటే తానూ ఆ వరసలోనే పడుకుని ఉండేవాడు. ఆ మాట నాయనకు చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాడు. మాట్లాడని మనిషికి ఎట్లా చెప్పడం?

మొగిలి ఘాటు ఇంకా మొదలు కాకముందే, ఊరి మలుపు దగ్గర దిగాడు. వంద అడుగులు వేశాడో లేదో కాళ్ళు ఆగిపోయాయి. ఇంటి ముందు నీలం షామియానా లేచి ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఊరి మగవాళ్ళు తుండుగుడ్డలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చావుకు కొట్టే పలకలవాళ్ళు ఒక మూల గడ్డిమంట మీద పలకలు కాచుకుంటున్నారు.

షామియానాలు బాడుగకు ఇచ్చే జోయల్ ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండప్పా. మీ నాయన పోయినాడు. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. బాడీ కారులో వస్తా ఉండాదంట."

మునిచంద్ర నోట్లోంచి ఒకే మాట వచ్చింది. "ఇడ్లీ తిన్నాడే."

కంటి ఆపరేషన్‌కు ప్రాణం పోవడమేమిటని అతను అడగలేదు. షుగరున్న మనిషి, వయసైన మనిషి, ఏదైనా కావచ్చని జోయలే చెప్పుకుపోయాడు. అతను ఇంట్లో వదిలిన ఫోనెత్తింది మునెయ్య అక్క భారతమ్మంట. కోమలికి చేస్తే స్విచ్చాఫ్ వస్తోందంట, ఏడుస్తా ఉండే మనిషి ఫోన్ యాడ చూసుకుంటుందని అందరూ ఊరుకున్నారంట. బాడీ రాకముందే బాడుగ మొదలైందని, అయినా ఆ సంగతి ఇప్పుడు వద్దని కూడా జోయల్ అన్నాడు. దుఃఖంలో ఉన్న మనిషికి ఊరట చెప్పే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కొక్కటి.

మునిచంద్ర దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది ఒక ఆలోచన: ఇక తోట పీకమనేవాళ్ళు లేరు. ఆ వెంటనే సిగ్గు వచ్చింది. సిగ్గు వెనక, అన్నిటికన్నా బరువుగా, అలసట వచ్చి కూర్చుంది. మూడేళ్ళ మౌనం ఇక ఎప్పటికీ విడవదు. ఆ మౌనాన్ని నాయన తన వెంట తీసుకుపోయాడు, ఆయనకు ఇష్టమైన వస్తువులతో పాటు.

భారతమ్మ లోపలి నుంచి వచ్చింది. డెబ్భై ఐదు దాటిన మనిషి, అయినా గొంతు మాత్రం గుడి మైకుతో పోటీ పడుతుంది. మేనల్లుడి ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుంది. ఆమె కుడిచేతి బొటనవేలి మీద ఊదారంగు మరక ఉంది. ద్రాక్ష మరక అనుకున్నాడు మునిచంద్ర. మూడేళ్ళుగా ఆ ఇంట్లో చీర మీద, గోడ మీద, గోరులో, ఏ మరక కనబడినా ద్రాక్షదే అనుకోవడం అలవాటైపోయింది.

ఆమె శోకం ఎత్తుకుంది. అటువైపు ఆడవాళ్ళు శోకం పెట్టడమంటే ఉత్త ఏడుపు కాదు. పోయినవాళ్ళ చరిత్రా, ఉన్నవాళ్ళ గుట్టూ కూడా రాగం కట్టి బయటికొస్తాయి. మామూలుగా నోరు జారితే తగువు, శోకంలో జారితే ఎవరూ పట్టుకోరు.

"కంటి సూపు కోసం పోయి కనుమరుగైతివా తమ్ముడా,
మామిడి మాను కూలిన నాడే నోరు కట్టేసుకుంటివే తమ్ముడా,
లారీలు నిలిపే జాగాకు తోట ఇచ్చేస్తానని
ఆ హరినాథుకు మాటిచ్చి, కన్నకొడుక్కు సెప్పకనే పోతివే తమ్ముడా..."

కుర్చీల్లో కదలిక పుట్టింది. హరినాథ్ అంటే గుజ్జు ఫ్యాక్టరీకి స్థలాలు కుదిర్చిపెట్టే మనిషి. సీజన్లో లారీలు నిలబెట్టుకోవడానికి రోడ్డు పక్క జాగా కోసం ఏడాదిగా తిరుగుతున్నాడని అందరికీ తెలుసు. ఆ జాగా ఏదో తెలియనిది మునిచంద్రకే.

అంటే నాయనా పోయాడు, తోటా పోయింది, రెండూ ఒకే రాగంలో. కోపం తెచ్చుకుందామని చూశాడు మునిచంద్ర. చచ్చిపోయినవాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, పలకలవాళ్ళ మంట కేసి చూస్తూ ఉండిపోయాడు.

మలుపులో కారు హారన్ వినిపించింది. మగవాళ్ళు లేచి నిలబడ్డారు. పలకలు ఒక్కసారిగా మోగాయి. తెల్ల కారు నెమ్మదిగా వచ్చి షామియానా ముందు ఆగింది. వెనక తలుపు తెరుచుకోలేదు, ముందు తలుపు తెరుచుకుంది. అందులోంచి మోనిక దిగింది. వైన్ కంపెనీలో పండును వైన్‌గా మార్చేది ఆమే. మదనపల్లె పిల్ల, నంది కొండల వైపు ఉద్యోగం. చేతిలో గోనెగుడ్డ చుట్టిన సీసా ఒకటి పట్టుకుంది.

షామియానా చూసింది, జనాన్ని చూసింది, పలకలు విన్నది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఇంత మర్యాద ఎందుకండీ," అంది మునిచంద్రతో, "ఏదో ఇంట్లో నలుగురు ఉంటారనుకున్నాను."

పలకలు తడబడి ఆగాయి. జోయల్ కారు లోపలికి తొంగి చూసి, డిక్కీ వైపు చూసి, చివరికి మెల్లగా అడిగాడు. "బాడీ యాడమ్మా?"

మోనిక సీసా పైకెత్తింది. "ఇందులోనే ఉంది."

మునిచంద్ర లేచి, ఒక్కొక్క మాటా మోసుకొస్తున్నవాడిలా, ఫోన్లో ఏమని చెప్పావమ్మా అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పానంది మోనిక. ఎవరో పెద్దామె ఎత్తితే, బాడీ వచ్చిందమ్మా, నిండుగా వచ్చింది, మధ్యాహ్నం కారులో తీసుకొస్తున్నాను, అందరూ ఉంటే బాగుంటుంది అని చెప్పానంది. పెద్దామె సంతోషంతో కేక వేసి ఫోన్ పెట్టేసిందని కూడా అంది.

అసలు వైనం అదీ. వైన్ వాళ్ళ భాషలో బాడీ అంటే ఒకటి, ఊరి భాషలో ఒకటి. పల్లెల్లో మనిషి బతికున్నంత కాలం ఒళ్ళు, పోయాకే బాడీ. ఆస్పత్రి నుంచి మొగుడి బాడీ తెచ్చుకున్న భారతమ్మకు ఆ మాటకు రెండో అర్థం ఉందని ఎవరు చెప్పాలి?

మునిచంద్ర కుర్చీలో మళ్ళీ కూర్చుని ముఖం తుండుగుడ్డలో పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పక్కనున్న జోయల్‌కు కూడా తెలియలేదు. నాయన బతికే ఉన్నాడు. తోట అమ్మేసి బతికే ఉన్నాడు.

ఏం చేయాలో తెలియక మోనిక మాట్లాడుతూ పోయింది. షిరాజ్ అనే ఈ నల్ల ద్రాక్ష నంది కొండల వాలులో బాగానే పండుతుందనీ, అయితే ఈ ఏడు అక్కడి వైన్‌కు వాసనే గానీ నిండుతనం రాలేదనీ చెప్పింది. ఘాటు కింద ఈ ఎర్ర గరప నేల పగలంతా కాగి, పొద్దుగూకాక మొగిలి కొండ గాలికి చల్లారుతుంది కాబట్టి ఇక్కడి పండుకు తోలు మందమైంది, ఆ తోలులోంచే ఈ ఒళ్ళు వచ్చిందంది. ఈ తోట పండు మాకు ఏటా కావాలని పైవాళ్ళు ఒప్పుకున్నారని కూడా అంది.

"తోలు మందం మా ఊళ్ళో మనుషులకే అనుకున్నా," అన్నాడు జోయల్, "పండుకు కూడానా."

మూడేళ్ళుగా వినాలనుకున్న మాట అది. మునిచంద్ర విన్నాడు. చెవికి చేరింది, అంతకన్నా లోపలికి పోలేదు. అమ్మేసిన తోట పండు బాగుందని చెబితే ఏం చేసుకోవాలి? భారతమ్మ గడప పక్కన చేరి, కొంగు చేతికి చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. చావు కబురు తప్పుగా చెప్పినందుకు సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

అప్పుడే రెండో కారు వచ్చింది. హరినాథ్‌ది. ముందు హరినాథ్ దిగాడు, వెనక కోమలి దిగింది, ఆమె చెయ్యి పట్టుకుని నల్లద్దాలు పెట్టుకున్న మునెయ్య దిగాడు. ఒక పలక చేతిలోంచి జారి మట్టిలో దొర్లింది.

మునెయ్య నల్లద్దాలు షామియానా మీదుగా, కుర్చీల మీదుగా, గాదె పక్కన పెట్టిన బంతిపూల దండ మీదుగా మెల్లగా తిరిగాయి.

"ఎవురు పోయినారు?"

చివరికి జోయలే గొంతు సవరించుకున్నాడు. "నువ్వే మామా."

జరిగిందంతా కోమలి విని మామకు చెప్పింది. రేపటి దాకా ఆగలేనని మొండికేసి ఈ పొద్దే బయటపడ్డాడని, హరినాథ్ కారు తెచ్చాడని, వార్డులో ఫోన్లు ఆపేయమన్నారని ఆమె వైపు కథ ఆమె చెప్పింది. మునెయ్య అంతా విని, షామియానా మధ్యలో తన శవం కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు. పూలు బాగున్నాయన్నాడు. పడమటి వీధివాళ్ళు ఎవరూ రాలేదే అన్నాడు. తర్వాత మోనిక వైపు తిరిగి, తన పేరు మీద ఇంత రచ్చ చేసిన ఆ బాడీ ఏమిటో తనకూ చూపించమన్నాడు.

కోమలి లోపలి నుంచి స్టీలు గ్లాసు తెచ్చింది. మోనిక రెండు గుక్కలంత పోసింది. నల్లగా, అంచుల దగ్గర మాత్రం ఊదాగా ఉంది.

"నీళ్ళలా జారిపోదు తాతా," అంది. "నోట్లోకి ఒక మనిషి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. వెంటనే లేచి పోడు. అదే బాడీ అంటే."

మునెయ్య ముందు వాసన చూశాడు, మామిడికాయ ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి చూసినట్టే. తర్వాత ఒక గుక్క పుచ్చుకుని నోట్లోనే పెట్టుకున్నాడు. మింగాక కూడా దవడ ఆగలేదు.

"మిరియాలు," అన్నాడు. "నేరేడుపండు. బెల్లం పొయ్యి కాడి పొగ." ఇంకా ఏదో వెతుక్కుంటున్నట్టు ఆగాడు. "కోమలీ, వాడికి సెప్పు..."

అలవాటుగా అనేసి, మధ్యలోనే ఆపేశాడు. నల్లద్దాలు కొడుకు వైపు తిరిగాయి.

"మునిచంద్రా."

మూడేళ్ళ తర్వాత ఆ నోట తన పేరు వినడం. మునిచంద్ర లేవబోయి ఆగిపోయాడు. కూర్చునే అడిగాడు.

"తోట హరినాథ్‌కి ఇస్తానని మాటిచ్చినావా నాయనా?"

"ఇచ్చినా."

"నాకు ఒక మాట సెప్పలేదే."

"నా మాన్లు కొట్టేటప్పుడు నువ్వు నాకు సెప్పినావా?" గొంతు పెరగలేదు. "నేను ఇంట్లో అన్నం తింటా ఉన్నా. గొడ్డలి సప్పుడు ఇనపడతా ఉంటే, ఎవురో కట్టెలు కొడతా ఉండారు అనుకున్నా. ఇంకో ముద్ద పెట్టుకున్నా. నా సెట్లని తెలీక, అన్నం తింటా కూసున్నానురా నేను."

మునిచంద్ర నేల వైపు చూశాడు. చెప్పడానికి మూడేళ్ళుగా పేర్చుకున్న లెక్కలు, గుజ్జు ధరలు, లారీల వరసలు, ఒక్కటీ నోటికి రాలేదు.

"అడిగితే వద్దంటావని బయపడినా నాయనా."

"అంటాను. కొట్లాడుకునేవాళ్ళం. మూడు దినాలు అన్నం మానేసుండేవాణ్ణి. తర్వాత నేనే గొడ్డలి పట్టుకోనుందును." మునెయ్య ఇంకో గుక్క తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు మింగలేదు. "దీంట్లో బెంగుళూరా ఉండాదే."

అలా ఉండే వీలు లేదని చెప్పబోయి మోనిక ఆగిపోయింది.

"మొద్దులు పీకలేదు నాయనా," అన్నాడు మునిచంద్ర. "వేర్లు అట్లనే భూమిలో వదిలేసినా. తీగలన్నీ వాటి మీదనే ఉండాయి."

మునెయ్య తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. గ్లాసు కోమలికి ఇవ్వకుండా తానే కొడుకు చేతికి అందించాడు. మునిచంద్ర అందుకున్నాడు. తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, వెచ్చటి వస్తువు దొరికినవాడిలా. ఇప్పుడు పడుకుంటే నిద్ర పడుతుందనిపించింది.

మునెయ్య గొంతు సవరించుకుని కారు దగ్గర నిలబడ్డ హరినాథ్‌ను పిలిచాడు.

"అబ్బా హరినాథా, నేను ఈ పొద్దు పోయినానంట. షామియానా ఏసినారు, పలకలు కొట్టినారు, మా అక్క శోకం పెట్టింది. ఊరంతా సాక్షి. సచ్చినోడు ఇచ్చిన మాట వానితోనే పాయె. నువ్వు ఇంక ఇంటికి పోప్పా."

కుర్చీల్లో నవ్వు లేచింది. అందరికన్నా ముందు నవ్వింది జోయల్, ద్రాక్షకు ఊరే సాక్షి అని ఇంకో వంకర మాట అతికించి. పలకలవాడు ఒక దెబ్బ వేశాడు. మునిచంద్ర కూడా నవ్వాడు. మూడేళ్ళుగా వాడని యంత్రం కదా, నవ్వు కాస్త కీచుమంది.

హరినాథ్ కూడా నవ్వాడు. అందరూ ఆపేదాకా ఆగి, ఆ తర్వాతే ఆపాడు.

"నువ్వు పోయినా, ఉన్నా నాకు ఒకటే మామా," అన్నాడు మర్యాదగా. "ఊరికే అడ్డం రాకుంటే సాలని నీ మాట అడిగినా. నీ సంతకం గానీ, వేలిముద్ర గానీ ఎప్పుడైనా అడిగినానా? ఆ తోట మీ నాయన పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిందంట గదా. సేద్యం నీదే. పట్టా నీది కాదే."

తలలన్నీ గడప వైపు తిరిగాయి. భారతమ్మ కొంగును ఇంకో చుట్టు చుట్టుకుంది.

మునిచంద్ర చేతిలోని గ్లాసు వైపు చూశాడు, అత్త కొంగులోంచి బయటపడ్డ బొటనవేలి వైపు చూశాడు. ఊదా, ఊదా. పొద్దుటి నుంచి అలసిన బుర్ర ఇప్పుడు మెల్లగా ఒక సంగతి గుర్తు చేసింది. కోత అయిపోయింది మార్చిలో. ఇది ఆడి నెల. తోటలో ఆకు తప్ప ఒక్క కాయ లేదు.

మునెయ్య కొడుకు ముఖం చూసి, ఆ చూపు పోయిన దిక్కుకు తిరిగాడు. డాక్టరు వారం దాకా తీయొద్దన్న నల్లద్దాలు తీసేశాడు. వెలుతురుకు కంట్లో నీళ్ళు తిరిగాయి.

"అక్కా," అన్నాడు. "ఆ సెయ్యి ఇట్ల సాపు."